విజిలమ్మ వెనక నడిచిన బాతులు

ఆ ఊళ్లో నడివయసు దాటినవాళ్లలో సగం మందికి ఈ రోజుకీ విజిల్ వినబడితే చాలు, నడుం దానంతటదే నిటారుగా అయిపోతుంది. అందుకు బాధ్యత ఒకే ఒక్క మనిషిది. బడిలో డ్రిల్లు టీచరుగా చేరిన రోజు నుంచి రిటైరైన రోజు దాకా ఆవిడ మెడలో విజిల్ లేకుండా చూసినవాళ్లు లేరు. పిల్లలు విజిలమ్మ అని పేరు పెట్టారు. ఆ పేరు కొన్నాళ్లు ఆవిడ వీపు వెనక తిరిగింది, తర్వాత ధైర్యం తెచ్చుకుని ముందుకొచ్చింది. కోపం రాలేదా అంటే, ఎందుకు రాదు? వచ్చింది. కానీ కోపం వచ్చినా ఆవిడ చేసేది విజిల్ ఊదడమే కదా, దాంతో పేరు ఇంకాస్త గట్టిపడింది.

ఆవిడకి విజిలే నోరు. రండి అనడానికి ఒక పొడుగాటి ఊదు, ఆగండి అనడానికి ఒక పొట్టి ఊదు, అటెన్షన్‌కి ఒక పొడుగు, రెండు పొట్టి. ఇంట్లో అన్నానికి పిలవాలన్నా అంతే. రిటైరైన కొత్తలో పనిలేక కాలుగాలిన పిల్లిలా ఇల్లంతా తిరిగి, చివరికి భర్తనే పొద్దున్నే వరండాలో నిలబెట్టి చేతులు పైకి, కిందకి ఆడించబోయింది. ఆయన రెండు చేతులూ జోడించి, "నీకు పుణ్యం ఉంటుంది, ఎక్కడికైనా బయటికెళ్లవే, నేను బతికిపోతాను," అన్నాడు.

ఆ మాట పట్టుకుని ఆవిడ జలాశయం దారి పట్టింది.

ఊరికి ఎగువన, రెండు కొండల నడుమ కట్టిన జలాశయం అది. చుట్టూ రక్షిత అడవి. అడవిలో నడక దారులు, గుడారాలు వేసుకునే చదును నేల, చిన్న పడవల రేవు, గాలాలు వేసుకుని గంటల తరబడి ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునే చేపలవాళ్లు. పొద్దున్నే వెళ్తే నీళ్లకు దిగిన జింకలు కనబడతాయి. అదృష్టం ఉంటే నీటికుక్కలు ఒకదాని వెనక ఒకటి మునకలేస్తూ కనబడతాయి. ఆనకట్టకి ఇవతల ఒక మూల గడ్డి ఒడ్డు, లోతు తక్కువ నీళ్లు, కాస్త దూరంలో లంగరు వేసి కట్టిన చెక్క తెప్ప. ఈత కొట్టుకోవడానికి అనుమతి ఉన్నది అక్కడొక్కచోటే. విజిలమ్మ అది చూసి, ఈ వయసు దాకా ఈత రాని ఆడవాళ్లకి ఇక్కడ నేర్పుతానని అటవీ ఆఫీసులో అనుమతి తెచ్చుకుంది. మొదటి రోజు వచ్చింది ఒక్కతే. వదిన.

వదిన అంటే సొంత అన్న భార్య. అన్నా వదినా బజారు మలుపులో బేకరీ నడుపుతారు. పెళ్లయిన నాటి నుంచి వదిన పొయ్యి వేడికీ పిండి దుమ్ముకీ అంకితమైపోయిన మనిషి. సెలవు రోజున కుటుంబమంతా జలాశయానికి వస్తే మిగతావాళ్లు నీళ్లలోకి దూకేవాళ్లు, ఈవిడ మాత్రం ఒడ్డున కూర్చుని అందరి బట్టలకీ చెప్పులకీ వాచీలకీ కాపలా కాసేది. అలా ఎన్నేళ్లు గడిచాయో లెక్కే లేదు. ఒకనాడు బేకరీలో పిండి పిసుకుతూ, "అమ్మాయ్, ఆ తెప్ప మీద ఒక్కసారి కూర్చోవాలని ఉందే," అంది. "అందరూ అక్కడికెళ్లి చేతులూపుతారు కదా. అక్కణ్నించి చూస్తే ఇవతల ఒడ్డు ఎలా ఉంటుందో నేను చూడనే లేదు."

ఆ మాట విజిలమ్మ గుండెలో ముల్లులా దిగింది. వదిన కాపలా కాసిన బట్టల్లో తన బట్టలు కూడా ఉన్నాయి మరి. "చూపిస్తాను పద," అంది.

ఒకరిని చూసి ఒకరు వచ్చి క్లాసు బాగానే పెరిగింది. దర్జీ ఆవిడ, పోస్టాఫీసు ఆవిడ, నర్సు, మోకాళ్ల నొప్పుల బామ్మ ఒకరు. కొందరు తొందరగా నేర్చుకున్నారు, తెప్ప దాకా వెళ్లొచ్చారు. వదిన మాత్రం సగం దూరం వెళ్లి వెనక్కి వచ్చేసేది. కాళ్లు బాగానే ఆడేవి, ఊపిరీ అందేది. కానీ సరిగ్గా సగం దూరంలో ఆవిడ తల నీళ్ల మీద చిన్నగా కనబడేసరికి ఒడ్డున ఉన్న విజిలమ్మకి గుండె జారేది, చెయ్యి దానంతటదే విజిల్ మీదికి పోయేది. పొడుగాటి ఊదు. వదిన తిరిగి వచ్చేసేది. "ఇంకా టైముంది వదినా, తొందరేం లేదు," అనేది విజిలమ్మ, తువ్వాలు అందిస్తూ.

ఈత అయ్యాక ఆకలి మామూలుగా ఉండదు. వదిన బేకరీలో మిగిలిన బన్నులూ కోసేసిన రొట్టె అంచులూ బుట్టనిండా తెచ్చేది. విజిలమ్మ ఊదగానే అందరూ ఒడ్డెక్కి బుట్ట చుట్టూ చేరేవాళ్లు. తినగా మిగిలిన తునకలు గడ్డి మీదికి విసిరేవాళ్లు. అలా మొదట ఒకటీ అరా అడవి బాతులు వచ్చాయి. ఊళ్లో చెరువుల్లో తిరిగే చిన్న బాతులు కావవి, పొడుగు మెడల పెద్ద బాతులు, పొగరున్న శాల్తీలు. వాటి చుట్టాలొచ్చారు, చుట్టాల చుట్టాలొచ్చారు. వేసవి వచ్చేసరికి గడ్డి ఒడ్డు మీద కాలు పెట్టే చోటు లేకుండా ఆక్రమించేశాయి. కాలు పెట్టినా, చూసుకుని పెట్టాలి.

ఒక రోజు రేంజరు వచ్చాడు. ఆ అడవి బాగోగులు చూసే మనిషి. జుట్టు నెరుస్తున్నా విజిలమ్మ ముందు మాత్రం ఇంకా పరుగుపందెంలో ఆఖరున వచ్చే కుర్రాడే. నీళ్లు నములుతూ నిలబడ్డాడు.

"చెప్పడానికి వచ్చినవాడివి చెప్పు. అలా నిలబడితే వేళ్లు దిగుతాయి," అంది విజిలమ్మ.

"టీచర్, ఇక్కడి నీళ్ల పరీక్ష మళ్లీ పోయింది. బాతుల రెట్టల వల్లే. నీళ్లు శుభ్రపడేదాకా ఎవరూ దిగకూడదు." చేతిలోని ఎర్రజెండా చూపించాడు. "వేసవి చివర ఇంకో పరీక్ష ఉంది. అదీ పోతే ఒడ్డుకి కంచె వేసేస్తారు. ఈ ఏడాదికే కాదు టీచర్. ఇక ఇక్కడ ఈత ఉండదు."

విజిలమ్మ వదిన వైపు చూసింది. వదిన బుట్ట మూత వేస్తోంది, అప్పటికే మూసి ఉన్న మూతని మళ్లీ వేస్తోంది.

"తుపాకీ శబ్దాలతోనో కుక్కలతోనో తరిమేద్దామని ఎవరైనా అంటే నేను ఊరుకోను," అన్నాడు రేంజరు. "కానీ ఒక దారి ఉంది. ఇది అవి రెక్కల ఈకలు రాల్చే కాలం. కొత్తవి వచ్చేదాకా ఎగరలేవు, నడుస్తాయి. ఆనకట్ట దాటించి అవతల రెల్లు మడుగుకి చేరిస్తే అక్కడ మంచి గడ్డి ఉంది, మనుషులు అటు వెళ్లరు. కొన్నాళ్లు అలవాటైతే అక్కడే ఉండిపోతాయి. పై ఆఫీసు ఒప్పుకుంది."

"నడిపించడమే కదా," అంది విజిలమ్మ. "నేనెవర్ననుకున్నావు?"

ఆ ఆదివారం ఏర్పాట్లు చూడాలి. నీళ్లలో పడవలవాళ్లు, ఒడ్డున చెయ్యీ చెయ్యీ పట్టుకుని నడక సంఘం వాళ్లు, చేపలవాళ్లు, ఈత క్లాసు ఆడవాళ్లు. వెనక ఒక బల్ల మీదెక్కి విజిలమ్మ. ఊదింది. మనుషుల వరస కదిలింది. బాతులూ కదిలాయి, చక్కగా తలలెత్తుకుని దారి పట్టాయి. వరస ఒకచోట వంగింది, సరిచెయ్యడానికి ఆవిడ మళ్లీ ఊదింది. బాతులన్నీ ఆగాయి. వెనక్కి తిరిగాయి. మనుషుల కాళ్ల సందుల్లోంచి దూరి, అడ్డొచ్చినవాళ్లని పిక్కల మీద పొడిచి, మొదలుపెట్టిన చోటికే వచ్చి నిలబడ్డాయి.

మళ్లీ ప్రయత్నించారు. మళ్లీ అదే. ఎంత గట్టిగా ఊదితే అంత వేగంగా వెనక్కి వచ్చాయి. మధ్యాహ్నానికి అందరి తలప్రాణం తోకకొచ్చింది. పడవల రేవు ఆయన తడిసిన బట్టలు పిండుకుంటూ, "వీటికి ఇంత మొండితనం ఎవరు నేర్పారండీ," అన్నాడు. ఆవిడకి ఒళ్లు మండింది. జీవితంలో ఎన్నో తరగతుల్ని వరసలో నడిపించిన మనిషి, ఈకలూడిన పక్షుల చేతిలో ఓడిపోయింది. అందరి ముందూ ఓడిపోయింది.

రేంజరు పై ఆఫీసుతో మాట్లాడొచ్చి చెప్పాడు. "రేపు పొద్దున ఇంకొక్కసారికి ఒప్పుకున్నారు. పక్షుల్ని మాటిమాటికీ బెదరగొడితే మంచిది కాదు టీచర్. రేపు కూడా కుదరకపోతే వదిలేద్దాం."

అందరూ వెళ్లిపోయారు. క్లాసు ఆడవాళ్లు మాత్రం గడ్డి మీద కూలబడ్డారు. వదిన తెప్ప వైపే చూస్తోంది. "పోనీలే అమ్మాయ్," అంది. "సగం దూరమైనా వెళ్లానుగా. అది మాత్రం తక్కువా." అంత మంచితనంగా అనేసరికి విజిలమ్మకి ఏడుపు వచ్చినంత పనైంది. ఏడవడం అలవాటు లేదు కాబట్టి లేచి, ఇక ఇళ్లకి పోదాం పదండని ఎప్పటిలాగే పొడుగ్గా ఊదింది.

నీళ్లలో ఉన్న బాతులన్నీ ఒక్కసారి మెడలెత్తాయి. గబగబా ఒడ్డెక్కాయి. వచ్చి ఆవిడ ముందు అర్ధచంద్రాకారంగా నిలబడి, ఆవిడ మొహంలోకి చూశాయి.

వదిన చూసింది. బాతుల్ని చూసింది, మరదలి నోట్లో విజిల్ని చూసింది, తన ఒళ్లో ఖాళీ బుట్టని చూసింది. నవ్వు మొదలైంది. ఆపుకోబోయి ఆపుకోలేక, చివరికి గడ్డి మీద వెల్లకిలా పడిపోయి నవ్వింది. "అమ్మాయ్, ఇవి మొండివి కావే. నీ క్లాసే ఇది. నువ్వు రమ్మంటున్నావు, అవి వస్తున్నాయి. పొద్దుట్నించీ పాపం నీ మాటే వింటున్నాయి."

విజిలమ్మ మొహం ఎర్రబడింది. "నీ రొట్టె మరిగి వచ్చాయి గానీ నా విజిల్‌కేంటి?"

"నా రొట్టె నోరెత్తి పిలవదుగా."

ఇద్దరూ అక్కడ కాసేపు బాగానే వాదించుకున్నారు. తప్పు రొట్టెదా, విజిల్‌దా అన్నది ఇప్పటికీ తేలలేదు. కానీ వాదన మధ్యలో విజిలమ్మ హఠాత్తుగా ఆగిపోయింది. "అయితే నేను వెనక ఉండటమేంటి వదినా? రేపు నేను ముందు నడుస్తాను," అంది. దర్జీ ఆవిడ చప్పట్లు కొట్టింది. వదిన మాత్రం నవ్వు ఆపింది. "నడుస్తావు సరే. తీసుకెళ్లి అక్కడ దింపాక మర్నాడు ఇక్కడ మళ్లీ ఊదితే? ఆనకట్ట దాటి వచ్చేస్తాయి. ఇక్కడ నువ్వు ఇక ఊదడానికి లేదు అమ్మాయ్."

ఆ సంగతి ఆవిడకి తట్టలేదు. చెయ్యి విజిల్ని పట్టుకుంది. అది లేకుండా పదిమంది ముందు నిలబడటం ఎలాగో ఆవిడకి తెలియదు, నిజంగానే తెలియదు. భయం వేసింది. అయినా తెప్ప వైపు చూసి, "సరే," అంది.

మర్నాడు పొద్దున్నే గడ్డి ఒడ్డు మీద ఒక్కతే నిలబడి ఊదింది. వచ్చాయి. వెనుదిరిగి, డ్రిల్లు నడకలో, మోకాళ్లు ఎత్తి అడుగు వేసింది. బాతులు వెనకే. ఈసారి పిల్లబాతులు కూడా మధ్యలో, పడుతూ లేస్తూ. వాటి వెనక చాలా దూరంలో, అవి బెదరకుండా, ఆడవాళ్ల వరస. అడవి దారిలో ఎదురొచ్చిన నడకవాళ్లు పక్కకి తప్పుకుని ముక్కున వేలేసుకున్నారు. సైకిళ్లవాళ్లు దిగి నిలబడ్డారు. చేపలవాళ్లు గాలాలు పైకెత్తి దారి ఇచ్చారు.

అంతా బాగానే ఉంది కానీ, ఆనకట్టకి ముందు భోజనాల బల్లలున్నాయి. సెలవు పొడిగించుకున్న కుటుంబాలు బల్లబల్లకీ పళ్లేలు పరుచుకుని కూర్చున్నాయి. ముందు నడుస్తున్న ముసలి బాతు ఆగింది. మెడ అటు చాచింది. విజిలమ్మ ఊదింది, కానీ ఎత్తెక్కే దారి, వయసు, ఊపిరి చాలక కీచుమని ఊరుకుంది. ముసలి బాతు బల్లల వైపు రెండడుగులు వేసింది. వెనకవన్నీ అటే తిరిగాయి. అక్కడ చెదిరిపోయాయంటే మళ్లీ కూడవు, రెండో అవకాశం కూడా అయిపోయినట్టే. ఆ సంగతి అక్కడున్న అందరికంటే వదినకి బాగా తెలుసు, మొహం పాలిపోయింది.

విజిలమ్మ రెండు కాళ్లూ దగ్గరికి పెట్టింది. గుండెనిండా గాలి పీల్చింది. ఒక పొడుగు, రెండు పొట్టి.

అటెన్షన్.

బల్లల దగ్గర కూర్చున్న పెద్దమనుషులంతా లేచి నిలబడ్డారు. ఎందుకు లేచారో వాళ్లకే తెలియదు. బ్యాంకు మేనేజరు, పళ్ల డాక్టరు, బస్సు డ్రైవరు, పొట్టలూ బట్టతలలూ వచ్చినవాళ్లు, ఎవరి పళ్లెం వాళ్లు చేత పట్టుకుని, గడ్డం ఎత్తి, నిటారుగా నిలబడ్డారు. వాళ్ల పిల్లలు నోళ్లు తెరిచి చూశారు. పళ్లేలన్నీ బాతుల మెడలకి అందనంత ఎత్తుకి పోయాయి. ఆనకట్ట మీద బండ్లు ఆపుతున్న రేంజరు కూడా అటెన్షన్‌లోనే ఉన్నాడు. ముసలి బాతు ఖాళీ బల్లల వైపు ఒకసారి చూసి, ఏం లాభం లేదనుకుని, మళ్లీ విజిలమ్మ వెనక చేరింది.

ఆనకట్ట మీద నడక అయితే ఊరేగింపే. ఒక పక్క నిండు నీళ్లు, ఇంకో పక్క లోయ, నడిమధ్యన మెడలో తాడుతో, చేతులు ఊపుకుంటూ ఒక ముసలి డ్రిల్లు టీచరు, ఆవిడ వెనక బాతుల దండు. అవతలి గట్టు దిగి రెల్లు మడుగు చేరగానే, గడ్డి చూసి అవి టీచర్ని మర్చిపోయి చెల్లాచెదురుగా మేతలో పడ్డాయి. వెనక నుంచి వదిన కుంటుకుంటూ వచ్చి మరదల్ని కావలించుకుంది. ఇద్దరికీ ఆయాసం, ఇద్దరికీ ఏడుపు.

అక్కడితో అయిపోలేదు. ఆ విజిల్ని అవి మర్చిపోవాలి. రేంజరు చెప్పినట్టు విజిలమ్మ రోజూ పొద్దున్నే రెల్లు మడుగుకి వెళ్లి, చేతిలో ఏమీ లేకుండా ఊదేది. మొదట్లో అన్నీ పరిగెత్తుకొచ్చేవి. ఖాళీ చేతులు చూసి, తిట్టుకుంటూ వెనక్కి పోయేవి. వాటి తిట్లు ఆవిడకి అర్థమయ్యేవి. కొన్నాళ్లకి కొన్ని వచ్చాయి, తర్వాత ఆ ముసలిదొక్కటే వచ్చింది. కొత్త ఈకలొచ్చి అవి గాల్లోకి లేవడం మొదలయ్యాక ఒక పొద్దున ఊదితే ఒక్కటంటే ఒక్కటి తలెత్తలేదు. ఇంకోసారి ఊదింది. గడ్డి కొరుకుతున్న చప్పుడే గానీ ఎవరూ లెక్కచెయ్యలేదు. బతుకంతా తన మాట విననివాళ్ల మీద మండిపడిన ఆవిడ, ఆ పొద్దున మడుగు గట్టున నిలబడి పట్టలేని సంతోషంతో నవ్వింది. విజిల్ తీసి జేబులో వేసుకుని ఇంటికి వచ్చి, వంటింటి సొరుగులో పడేసింది.

వేసవి చివర పరీక్షలో నీళ్లు నెగ్గాయి. రేంజరు వచ్చి ఎర్రజెండా పీకేశాడు. మర్నాడు క్లాసు వాళ్లంతా ఒడ్డున చేరారు. టీచరు మెడ బోసిగా కనబడుతుంటే అందరికీ అదోలా ఉంది. నర్సు పడవలో కాస్త దూరంగా కాపలా ఉంది. విజిలమ్మ విజిల్‌కి బదులు చెయ్యెత్తి దించింది. వదిన నీళ్లలోకి దిగింది.

బాగా ఈదుతోంది. సగం దూరం వచ్చింది. తల చిన్నగా కనబడింది. విజిలమ్మ గుండె ఎప్పటిలాగే జారింది, చెయ్యి ఎప్పటిలాగే ఛాతీ మీదికి పోయింది. అక్కడ ఏమీ లేదు. ఏమీ లేని చోట చెయ్యి అలాగే ఉండిపోయింది. నీళ్లలో వదిన ఒక్క క్షణం చేతులాపింది, పిలుపు కోసం చెవి ఒగ్గినట్టు. పిలుపు రాలేదు. మళ్లీ చెయ్యి వేసింది, ఇంకో చెయ్యి వేసింది, మూడు వంతులు దాటింది. ఇన్నాళ్లూ ఆవిడని సగం దారిలోంచి వెనక్కి లాగింది ఎవరో విజిలమ్మకి అప్పుడు తెలిసింది. సిగ్గు వేసింది, దానికి పదింతలు గర్వం వేసింది.

వదిన తెప్ప అంచు పట్టుకుంది. మొదటిసారి ఎక్కలేక జారింది. రెండోసారి బోర్లా పడి, మోకాళ్ల మీద లేచి, ఒడ్డు వైపు తిరిగి కూర్చుంది. నీళ్లు కారుతున్న మొహంతో ఒడ్డంతా చూసింది, ఈ చివర నుంచి ఆ చివర దాకా, తాపీగా.

"అమ్మాయ్," అని కేకేసింది. "ఇప్పుడేం చెయ్యాలి?"

విజిలమ్మ రెండు చేతులూ నోటికి అటూ ఇటూ పెట్టుకుంది. విజిల్ లేకుండా అంత దూరం గొంతెత్తడం అదే మొదలు, గొంతు బొంగురుపోయింది. "ఏం చెయ్యక్కర్లేదు వదినా. కూర్చో. ఈ రోజు నిన్ను వెనక్కి ఎవరూ పిలవరు."

వదిన కూర్చుంది. మిగతావాళ్లు ఈది, తుడుచుకుని, బట్టలు మార్చుకున్నా కూర్చునే ఉంది. బేకరీ తెరిచే వేళ దాటిపోయింది. అన్నయ్య ఒడ్డుకి వచ్చి, దుకాణం ముందు జనం నిలబడ్డారని రెండుసార్లు చెప్పాడు. వదిన విని కూడా కదల్లేదు.